ఆరు నెలల బిళ్ళ తీసుకోవాలా, కనుమ నాటి సంగతి చెప్పాలా?

ప్రశ్న: నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర ఊరు. వయసు 46. కొబ్బరితోట నేనే చూసుకుంటాను, వరిచేను కౌలుకిచ్చాను. ఇరవై ఏళ్ళుగా తాగుడు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. ఆ 41 రోజులూ చుక్క ముట్టను, మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలు. పోయిన ఆగస్టులో మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానంటే, ఎవరో చెప్పగా ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం) మీటింగులకి వెళ్ళడం మొదలెట్టాను. నిజంగానే మానేశాను. ఈ ఏడు మాల కూడా వేసుకోలేదు, మీటింగులున్నాయి కదా అని. కనుమ నాడు బావమరుదులతో కోడిపందేల బరి దగ్గర కూర్చున్నాను. ఒక్క బీరన్నారు. తెల్లారేసరికి ఎంత తాగానో నాకే తెలీదు. ఆ మర్నాటి నుంచి మళ్ళీ ముట్టలేదు. గ్రూపులో మాత్రం చెప్పలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం నాకు ఆరు నెలల బిళ్ళ ఇస్తారట, అన్నాళ్ళు తాగకుండా ఉన్నందుకు గుర్తుగా ఇచ్చే పతకం లాంటిది. ఇంకో చిక్కు: మా చేను కౌలుకి చేసే అతనూ అదే గ్రూపులో ఉన్నాడు, నాకంటే మూడేళ్ళ ముందు నుంచి. అతని ముందు నేను తాగానని ఎలా చెప్పనండి? చెప్తే ఊళ్ళో తలెత్తుకోలేను. "మళ్ళీ తాగకపోతే సరిపోయె, ఇప్పుడు చెప్పడమెందుకు? కావాలంటే తాగబుద్ధి కాకుండా కాఫీలో కలిపే మందు అక్కకి తెచ్చిస్తాను" అంటున్నాడు చిన్న బావమరిది. ఈ గ్రూపు మానేసి రాజమండ్రిలో ఇంకో గ్రూపుకి పోదామనుకుంటున్నాను. మా ఆవిడేమో ఒకసారి నేనూ వస్తానంటోంది. తీసుకెళ్ళచ్చా? – పేరు వద్దు, కోనసీమ

సమాధానం: బిళ్ళ తీసుకోకండి. ఆ ఒక్కటీ ముందు తేల్చేసుకుంటే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ భయం నాకు అర్థమైంది. తాగానని చెప్తే గ్రూపులో మీ చోటు పోతుందనుకుంటున్నారు. నాకు మాత్రం, చెప్పకపోవడం వల్లే ఆ చోటు ఇప్పటికే సగం పోయినట్టు కనిపిస్తోంది. మొదటి ఆదివారం అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఎవరికి? కనుమ నాడు బరి దగ్గర నుంచి తిన్నగా ఇంటికెళ్ళి పడుకున్న మనిషికి. అలాంటి మనిషి ఆ గదిలో లేడు. ఉన్నది మీరు, ఆ చప్పట్లు వింటూ, ఎప్పుడు అయిపోతుందా అని చూస్తూ. ఆ రోజు నుంచి మీటింగంటే బరువు. ఒక వారం తోటలో దింపు ఉందని మానేస్తారు, ఇంకో వారం పెళ్ళుందని. ఇలా జారి, చెప్పకుండా దాచుకున్నవాళ్ళు తాగి పడిపోవడం కంటే ముందు మీటింగులకి రావడం మానేస్తారు. తాగుడు తర్వాత తీరిగ్గా వస్తుంది.

ఇప్పుడు మీ సంస్థ పుట్టిన కథ చెప్తాను. మీకు తెలిసే ఉండచ్చు. కానీ అందులో మీకు పనికొచ్చే ముక్క మీటింగుల్లో ఎప్పుడూ చివర్లో హడావిడిగా దాటిపోతుంది.

1935 మే నెలలో బిల్ అనే షేర్ల వ్యాపారి అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికి పని మీద వచ్చాడు. తాగుడు మాని అప్పటికి నెలలే అయింది. వచ్చిన పని చెడింది. దిగిన హోటల్లో బార్ పిలుస్తోంది. అటు పోకుండా టెలిఫోన్ అందుకుని చర్చిల వాళ్ళకి వరసగా ఫోన్లు చేశాడు, ఈ ఊళ్ళో నాలాగే తాగుడుతో అవస్థపడేవాళ్ళెవరైనా ఉంటే మాట్లాడాలి అని. అలా దొరికినవాడు బాబ్, ఊళ్ళో సర్జన్. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. బాబ్ మానేశాడు. మానేసిన కొద్ది వారాలకే డాక్టర్ల మహాసభ అంటూ అట్లాంటిక్ సిటీకి రైలెక్కాడు. రైల్లోనే మొదలెట్టాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి మనిషి మనిషిలా లేడు. ఆపరేషన్ చెయ్యాల్సిన రోజు పొద్దున చేతులు వణక్కుండా ఒక బీరు తాగి వెళ్ళాడు. 1950లో చనిపోయేవరకు మళ్ళీ తాగలేదు. ఆ బీరు తాగిన రోజుని 1935 జూన్ 10 అంటారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా జరుపుకునేది ఆ తేదీనే. బిల్ మానేసిన రోజునీ కాదు, ఇద్దరూ మొదట కలుసుకున్న రోజునీ కాదు. ఒక డాక్టరు మానేసి, మళ్ళీ తాగి, ఇంటికొచ్చి చివరి బీరు తాగిన రోజుని.

కనుమ మర్నాడు మీరున్న చోటు అదేనండి.

1950లో ఆ సంస్థ ఆమోదించుకున్న పన్నెండు సంప్రదాయాల్లో మూడోది చదవండి. సభ్యుడు కావడానికి ఉండాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఎన్నాళ్ళయింది, ఎన్నిసార్లు జారావు, ఏ మతం, ఎంత ఆస్తి, ఇవేవీ అడగదు. బిళ్ళల సంగతి ఆ పన్నెండింట్లో ఎక్కడా లేదు. అది గ్రూపులు తమంతట తాము పెట్టుకున్న ముచ్చట, మంచి ముచ్చటే. కొత్తగా వచ్చినవాడికి ఒక నెల అంటే కొండంత, చేతిలో ఏదో ఒకటి పడితే బాగుంటుంది. కాకపోతే మన వైపు ఏ ముచ్చటైనా నాలుగేళ్ళు తిరిగేసరికి అంతస్తు అయి కూర్చుంటుంది. పదేళ్ళవాళ్ళు ముందు వరస, పది రోజులవాళ్ళు గుమ్మం దగ్గర. మీ గ్రూపులో ఆ వాసన ఉంటే మీ తప్పేమీ లేదు. అయినా ఆరు నెలలవాడిగా ముందు వరసలో అబద్ధంగా కూర్చోవడం కంటే, మూడు వారాలవాడిగా గుమ్మం దగ్గర కూర్చోవడం తేలిక. ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, నిద్ర పడుతుంది.

ఇక అసలు చిక్కు, మీ కౌలు రైతు.

మీరు ఒకవైపు నుంచే చూశారు. మూడేళ్ళ నుంచి ఆయన ఆ గ్రూపులో ఉన్నారు. ఆగస్టులో ఒక ఆదివారం తలుపు తీసుకుని ఎవరొచ్చారు? తన చేను గలాయన. వచ్చే సార్వాకి ఆ చేను ఆయనకే ఉంచుతారా, ఇంకో రెండు బస్తాలు ఎక్కువిస్తానన్నవాడికి ఇస్తారా అన్నది మీ నోటి మాట మీద ఉంది. తాగుబోతుకి చేనెందుకివ్వాలని మీరు అనుకుంటే ఆయన సంసారం రోడ్డున పడుతుంది. అయినా ఆయన రావడం మానలేదు. మీ ఎదురుగా కూర్చుని, తాను ఏం అమ్ముకుని తాగాడో, పెళ్ళాన్ని ఏమన్నాడో మీరు వింటుండగా చెప్పుకున్నారు. చెప్పి ఉండకపోతే, ఆయన ఎవరో మీకు తెలిసినా ఆయన బాధ మీకు తెలిసేది కాదు. ఆ గదిలో పోగొట్టుకునేది ఎక్కువున్నవాడు ఆయన, మీరు కాదు. ఆయన చెప్పగలిగింది మీరు చెప్పలేకపోవడానికి కారణం పరువంటారా? నేను అలవాటంటాను. ఆయన మాట్లాడితే మీరు వినడం, మీరు మాట్లాడితే ఆయన తలూపడం, గట్టు మీద ఎన్నో ఏళ్ళుగా ఉన్న అలవాటు.

ఆ అలవాటుని మీరు ఇదివరకే తీసి పక్కన పెట్టారు, అదీ ఏటా 41 రోజులు. మాలలో ఉన్నప్పుడు ఊళ్ళో పదేళ్ళ కుర్రాడూ స్వామే, మీరూ స్వామే. ఆ కౌలు రైతూ మాల వేసుకుని ఉంటే ఆయన్నీ స్వామీ అనే పిలిచి ఉంటారు, పడిపూజలో ఆయన పక్కనే కూర్చుని భిక్ష తిని ఉంటారు. ఎవరి తాలూకు, ఏ పేట అని అడిగినవాళ్ళు లేరు. తాగకుండా ఉండటానికి ఆ 41 రోజులూ మీకు పనికొచ్చింది నియమం ఒక్కటే అనుకోకండి, ఆ గుంపు కూడా. అయితే మాలలో ఒక లోటుంది. ఎందుకు తాగుతున్నానో, మాల తీశాక ఏమవుతుందో ఆ గుంపులో ఎవరూ చెప్పుకోరు. దీక్ష సాగినన్నాళ్ళూ పవిత్రంగా ఉంటారు, ఇరుముడి దింపాక ఎవరి దారి వాళ్ళది. మీటింగు చేసే పని అక్కడి నుంచి మొదలవుతుంది. అక్కడ పవిత్రంగా ఉండక్కర్లేదు. మీరు ఇప్పుడు మీటింగుని కూడా మాల చేసేస్తున్నారు.

ఇంతకీ ఊళ్ళో తలెత్తుకోలేనంటున్నారు. ఇరవై ఏళ్ళు తాగారు కదా, మీరు తాగుతారని తెలియనివాళ్ళు మీ ఊళ్ళో ఎవరండి? వైన్ షాపు దగ్గర చూడనివాళ్ళా, కాలవగట్టున బండితో సహా పడి ఉంటే లేపి ఇంటికి తెచ్చినవాళ్ళా? కనుమ రాత్రి బరి దగ్గర ఉన్న జనం మాటేమిటి? మీరు మళ్ళీ తాగారని మీ ఊరంతటికీ తెలుసు. తెలియంది ఆ గదిలో ఉన్న పదిమందికే. అసలు మీ కౌలు రైతుకి కూడా ఈపాటికి తెలిసే ఉంటుందని నా అనుమానం. ఆయనదీ అదే ఊరు, పండగ అందరికీ ఒకటే. తెలిసి కూడా మీటింగులో ఒక్క మాట అనలేదంటే, మీ చేత చెప్పించడానికి ఆగారు. మీ పరువు ఆయన చేతిలో ఉందని భయపడుతున్నారు కానీ, మూడు వారాలుగా ఆయన దాన్ని జాగ్రత్తగానే ఉంచారు.

ఏదీ దాచకూడదన్న మాటని మాత్రం పూర్తిగా నెత్తిన పెట్టుకోకండి. ఏఏలోనే దానికి హద్దులున్నాయి. ఏఏ నడవమనే పన్నెండు మెట్లలో అయిదో మెట్టు తప్పుల్ని దేవుడి ముందూ, తన ముందూ, ఇంకొక మనిషి ముందూ ఒప్పుకోమంటుంది. ఒక్క మనిషి, ఊరు కాదు. తొమ్మిదో మెట్టు చేసిన నష్టం నేరుగా సరిదిద్దుకోమంటూనే, దానివల్ల వాళ్ళకో ఇంకొకరికో హాని కలిగేటట్టయితే వద్దంటుంది. తాగిన మైకంలో మీ బావమరుదులు ఏమన్నారు, ఎవరెంత పందెం ఒడ్డారు, మీ ఆవిడ మీతో ఏం గొడవపడింది, ఇవి గదిలో చెప్పడానికి మీవి కావు. అప్పులు, కోర్టు గొడవలు లాంటివుంటే స్పాన్సర్‌తోనో (గ్రూపులో మీకు దారి చూపే పాత సభ్యుడు) డాక్టర్‌తోనో విడిగా. డాక్టరు మీ సంగతి బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తుంది, తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఆ చట్టం కిందికే వస్తాయి. గ్రూపుకి అలాంటి చట్టం ఏదీ లేదు. అక్కడ ఒకరి మాట ఇంకొకరి దగ్గర ఉంటుంది, దాని మీదే నడుస్తుంది. అందుకని గదిలో చెప్పాల్సింది తక్కువ, కానీ ఆ తక్కువలో ఇది ఉండి తీరాలి.

ఎలా చెప్పాలో కూడా అడగకుండానే చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఒప్పుకోవాల్సి వస్తే హరికథ మొదలెడతారు. ముందు స్పాన్సర్‌కి ఫోన్ చెయ్యండి. మొదటి ఆదివారం దాకా ఆగద్దు, ఈ వారమే. ఫోన్‌లో నోరు పెగలకపోతే మనిషిని కలవండి. మీటింగులో మీ వంతు వచ్చినప్పుడు మూడు మాటలు చాలు. "కనుమ నాడు తాగాను. మర్నాటి నుంచి తాగలేదు. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు." బావమరుదులు బలవంతపెట్టారని చెప్పద్దు, పండగ కదా అని చెప్పద్దు. ఏడవాల్సిన పనీ లేదు, వస్తే ఆపుకోవాల్సిన పనీ లేదు. షేరింగులో ఒకరు చెప్పినదానికి ఇంకొకరు అక్కడికక్కడ జవాబివ్వకూడదన్న పద్ధతి చాలా గ్రూపుల్లో ఉంది కాబట్టి మిమ్మల్ని నిలబెట్టి ఎవరూ అడగరు. తర్వాత టీ దగ్గర ఎవరో ఒకరు వచ్చి తన కనుమ సంగతి చెప్తారు. ఎవరికైనా ఒకటుంటుంది.

కౌలు రైతుతో మటుకు విడిగా ఒక మాట అనండి. పొలం దగ్గర కాదు, మీటింగు అయ్యాక అక్కడే. ఈ గదిలో విన్నది చేను దగ్గరికి రాదని. ఆయన నుంచి ఆ మాట తీసుకోవడానికి కాదు, ఆయనకి మీరు ఇవ్వడానికి. ఈ ఆరు నెలలు మీరు విన్నదానికి ఆయనకి ఆ హామీ రావాలి. వచ్చే సార్వాకి చేను ఎవరికిస్తారో మీ ఇష్టం, ఆ లెక్క పంటా బస్తాలూ చూసే వెయ్యండి.

వేరే గ్రూపుకి పోతానన్నారు. పొండి, తప్పులేదు. పన్నెండు సంప్రదాయాల ప్రకారం ఏ గ్రూపు దాని పాటికి అది స్వతంత్రం, రెండు చోట్లకి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. మీ గ్రూపులో నిజం చెప్పాక ఎవరైనా ఎగతాళి చేస్తే, లేదా గదిలో విన్నది బయట ఎవరి నోటైనా వినిపిస్తే, మొహమాటపడకుండా మారిపోండి. చెప్పకుండా మాత్రం వెళ్ళకండి. గోదావరి దాటి వెళ్ళినా మొదటి రోజు "ఆరు నెలలైంది" అని చెప్తారు, అక్కడా అదే మొదలు.

ఇంకో సంగతి. 2020లో, వైద్య అధ్యయనాల్ని ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాల్ని, 10,565 మందిని కలిపి చూసింది. మనుషుల్ని ఏఏ వైపు, పన్నెండు మెట్ల వైపు నడిపించే పద్ధతి, పూర్తిగా మానేసి ఉండటం దగ్గర పేరున్న ఇతర చికిత్సలకి తీసిపోలేదు, చాలాచోట్ల వాటికంటే మెరుగు. ఎందుకు పనిచేస్తుందని వెతికినవాళ్ళకి దొరికిన పెద్ద కారణాల్లో ఒకటి చుట్టూ ఉన్న మనుషులు మారడం. తాగే స్నేహాలు తగ్గి తాగని స్నేహాలు పెరగడం. కనుమ నాడు మీరు ఎవరితో కూర్చున్నారో చూడండి. బావమరుదులతో తెగతెంపులు చేసుకోమనను, ఆడపడుచు ఇల్లు అంటే రాకపోకలుంటాయి. వాళ్ళలో తాగనివాడినో, తక్కువ తాగేవాడినో ఒకణ్ణి పట్టుకుని నిజం చెప్పి ఉంచండి. రేపు పెళ్ళిలో "ఏం బావా, ఒక్క పెగ్గేగా" అన్నప్పుడు మీ తరపున మాట్లాడేవాడు ఒకడుండాలి. అంతర్వేది తీర్థానికి వెళ్తే తిరుగు ప్రయాణం ఎవరి కారులోనో ముందే చూసుకోండి. పండగలకి బరి వైపు మాత్రం ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ పోకండి. పందెం చూడకపోతే కోళ్ళేమీ బాధపడవు.

కాఫీలో కలిపే మందు మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను, ఆ మాట అక్కడే ఆపించండి. అలా ఇచ్చేవాటిలో డైసల్ఫిరామ్ ఒకటి. డాక్టరు చూసి, మనిషికి చెప్పి, ఒప్పించి ఇస్తే అది మంచి మందే. తెలియకుండా కలిపి, ఆ మీద మనిషి తాగితే ఒళ్ళు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మీ ఆవిడకి కూడా ఈ మాట చెప్పండి, ఆవిడ చేత్తో ఏదైనా జరిగితే ఆ బాధ ఆవిడ జన్మంతా మోస్తుంది.

మీరు తాగింది ఒక్క రాత్రే అన్నారు, నమ్ముతాను. కానీ ఇది చదివేవాళ్ళలో మళ్ళీ రోజూ మొదలెట్టేసినవాళ్ళుంటే, మీటింగు మీద భక్తితో ఒక్కసారిగా ఆపేయకండి. బాగా అలవాటున్న ఒంటికి ఆపిన రెండ్రోజుల లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనపడచ్చు, అది ప్రాణాంతకం. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అలాంటి చోట డాక్టరు చేతి కింద ఆపాలి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. రాత్రిపూట మనసు అదుపు తప్పుతుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలి మానస్ 14416.

మీ ఆవిడ సంగతి. తప్పకుండా తీసుకెళ్ళచ్చు, కాకపోతే ఓపెన్ మీటింగు రోజున. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవాళ్ళకే, ఇంట్లోవాళ్ళకీ చోటుండదు. ఏది ఎప్పుడో మీ సెక్రటరీని అడగండి. భర్త తాగుడుతో నలిగినవాళ్ళకి అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి, ఇందాక చెప్పిన బిల్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టింది. దగ్గర్లో ఉందేమో అదీ కనుక్కోండి, ఆవిడకి మీ గదిలో కంటే అక్కడ ఎక్కువ ఊపిరాడుతుంది. ఆవిడ వస్తానంటోందంటే కనుమ రాత్రి సంగతి ఆవిడకీ తెలుసని నా అనుమానం. ఇంటికొచ్చిన మనిషి వాసన ఇరవై ఏళ్ళు చూసినావిడ. అందుకని స్పాన్సర్‌కి ఫోన్ చేసిన రోజే ఇంట్లో కూడా చెప్పేయండి, అన్నం తినేటప్పుడు వద్దు, పిల్లలు పడుకున్నాక. మీటింగులో మీ నోటి నుంచి పదిమందితో పాటు వినే పరిస్థితి ఆవిడకి తేకండి.